మార్చవద్దు, నన్నడుగు

తోర్గిల్స్ వదిలి వెళ్ళిన వివరణ పుస్తకంలో
మొత్తం పదకొండు వాక్యాలు.
తొమ్మిదోది:
"కొండమీది యంత్రం మౌంట్‌ని మార్చవద్దు. నన్నడుగు."

అడగందే అమ్మైనా పెట్టదు, నిజమే.
అడగడానికి మనిషి అందాలి కదా.
ఆయనిప్పుడు గ్రీన్‌లాండ్ వైపు నీళ్ళలో
కాడ్ చేపల ఓడమీద వంటవాడు.
ఫోన్ చేస్తే సముద్రం కూడా ఎత్తదు.

నేను స్టెయిన్‌వోర్‌ని.
ఐస్‌లాండ్ పడమటి కొసన, మంచుచరియల కార్యాలయంలో
ఎవరు ఏ ఫైలు తెరవొచ్చో, ఎవరు తెరవకూడదో
తేల్చే ఉద్యోగం.
నవంబరులో కొండ వెనక్కి పోయిన సూర్యుడు
జనవరి చివరిదాకా మొహం చూపించని ఊళ్ళో
నా గదికి వెలుగంటే
సర్వర్ల ఆకుపచ్చ చుక్కలే.

ఈ పనిలో నాకు మొదట నచ్చింది ఒక నియమం.
తన యంత్రంలో ఎంత పెద్ద రూటైనా
నా గడప దాటగానే ఎవరూ కాదు.
నిజంగా ఆ పేరే పెడతాం, నోబడీ అని.
సంఖ్య అరవై ఐదు వేల అయిదు వందల ముప్ఫై నాలుగు.
అస్‌గ్రిముర్‌కి చెబితే నవ్వి
"మా ఇంట్లో నా నంబరూ అదే" అన్నాడు.

తోర్గిల్స్ ఖాతా మూసిన రోజు
ఒక ఫైలు మాత్రం పోలేదు.
కొండమీది యంత్రంలోంచే చెరిపాను.
చుక్కతో మొదలయ్యే పొడుగాటి మారుపేరు తగిలించుకుని
అక్కడే కూర్చుంది.
ఏదో ప్రోగ్రాం దాన్నింకా తెరిచి పట్టుకుంటే అంతే,
చెయ్యి వదిలేదాకా చావదు.
కారణాలన్నీ అందులో దాచాడేమోనని ఆశగా చదివాను.
రబ్బరు బూట్ల ధరలు. నలభై అయిదో సైజు.

చీకటి మొదలైన వారమే అందరూ గోల.
కొండమీద తీగ తడబడినప్పుడల్లా
తెరలు బిగుసుకుపోతున్నాయని,
కాఫీ తాగి వచ్చినా ఆ గుండ్రం తిరుగుతూనే ఉందని.
చూస్తే, ఆ మౌంట్ హార్డ్.
జవాబు రాకపోతే మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ అడుగుతుంది,
బాకీ వసూలుకొచ్చినవాడిలా గుమ్మంలోంచి కదలదు.
సాఫ్ట్ అని మార్చాను.
ఇంగ్లీషులో రెండూ నాలుగక్షరాలే.
ఇక మూడుసార్లు పిలిచి, పలక్కపోతే
దాని దారిన అది పోతుంది.
స్వాన్‌లౌగ్ నా బల్లమీద దాల్చినచెక్క రొట్టె పెట్టి వెళ్ళింది.

డిసెంబరు పదహారు, తెల్లవారుజామున
యంత్రం మంచు లోతు రాయబోయింది.
పిలిచింది. పలకలేదు. మానుకుంది.
రాయలేకపోయానని చెప్పింది కూడా.
ఆ మాట వినేలా ప్రోగ్రాం ఎవరూ రాయలేదు.
తెరమీద గీత తిన్నగా సాగింది,
నూట నలభై రెండు, నూట నలభై రెండు,
కొండమీద మంచు ఆగిపోయినట్టు.
బిగుసుకున్న తెరనైతే ఎవరైనా అనుమానిస్తారు.
తిన్నటి గీతని ఎవరు?
అస్‌గ్రిముర్ రోడ్డు తెరిచే ఉంచాడు.

చరియ దిగింది నాలుగూ పదికి.
రొట్టెల వ్యాను ఆ మలుపు దాటింది నాలుగూ నాలుగుకి.
నడిపిన కుర్రాడు రేడియో పెద్దగా పెట్టుకున్నాడట,
ఏమీ వినలేదట.
మర్నాడు అతని దగ్గరే రొట్టె కొన్నాను.
చిల్లర లెక్కపెట్టుకోలేకపోయాను.

తొమ్మిదో వాక్యం కింద ఇప్పుడు రాస్తున్నాను
ఆ గీత, ఆ ఆరు నిమిషాలు,
మార్చిన చెయ్యి నాదేనని కూడా.
"ఆప్షన్ పేరూ విలువా చాలవా" అని అస్‌గ్రిముర్.
చాలవు. అవి ముందే ఉన్నాయి.
"నన్నడుగు" అన్న మాట మాత్రం కొట్టేశాను,
కింద కనబడేంత పల్చగా.

ఇవాళ సూర్యుడొచ్చే రోజు.
వీధి పొడుగునా పాన్‌కేకుల వాసన.
ఆ బూట్ల ఫైలుని కొండమీది యంత్రం ఇంకా పట్టుకునే ఉంది.
ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే పోతుంది.
చెయ్యలేదు.
ఎందుకో పుస్తకంలో రాయలేదు.